విజిల్‌కు ముందే రూలు

(జంషెడ్‌పూర్‌లో జరిగిన మన సంఘం వార్షికోత్సవ సభలో ఒక రిటైర్డ్ సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు ఫోన్ చేసి "సుబేదార్ సాబ్, ఈసారి మీరు కాసేపు మాట్లాడాలి" అన్నారు. నేను ఇంటర్ పాసై ఆర్మీలో చేరిన వాణ్ణి. ఉపన్యాసాలు ఇచ్చేంత చదువు నాకు లేదు. నాకు తెలిసినవి రెండే. ఒకటి పరేడ్, రెండోది హాకీ. పరేడ్ గురించి మీకు నేను చెప్పేదేముంది? అందుకని హాకీ గురించి చెబుతాను. అందులోనూ స్టిక్కు ఎలా పట్టాలో కాదు. పిల్లల లీగు చివరి దశకు వచ్చాక సెమీఫైనల్, ఫైనల్, ఈ మధ్య అందరూ ప్లేఆఫ్ అంటున్నారు, వాటిని ఏ రూల్స్ మీద నడపాలి అన్నదే నా విషయం. వినడానికి చిన్న విషయంలాగే ఉంటుంది. కానీ ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అది మీ అందరి ముందూ చెప్పుకోవడానికే ఈ మైకు దగ్గరకు వచ్చాను.

నాది శ్రీకాకుళం జిల్లా. మా మామగారు ఇక్కడ ఫ్యాక్టరీలో పని చేసి రిటైరయ్యారు. వాళ్ళ ఇల్లు కదమాలో ఉండటంతో సర్వీసు అయిపోయాక నేనూ ఇక్కడే మకాం పెట్టాను. 1907లో టాటా కంపెనీ పుట్టిన దగ్గర నుంచి మన వాళ్ళు పని కోసం ఈ ఊరు వస్తూనే ఉన్నారు. అలా వచ్చిన వాళ్ళ మూడో తరం, నాలుగో తరం పిల్లలు ఇప్పుడు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడుతూ క్రికెట్, ఫుట్‌బాల్, హాకీ ఆడుతున్నారు.

ఈ రాష్ట్రానికి హాకీ కొత్త కాదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన దేశం తొలి హాకీ స్వర్ణం గెలిచిన జట్టుకు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. ఖూంటీ దగ్గర టాక్రా గ్రామంలో పుట్టిన మనిషి. ఆ జట్టులోనే మన ధ్యాన్‌చంద్ కూడా ఉన్నారు. 1922లో సిపాయిగా చేరి 1956లో మేజర్‌గా రిటైరైన ఆయన మన ఫౌజీలందరికీ ఇంటి మనిషి. ఆ తరువాత 1975 ప్రపంచ కప్ గెలిచిన జట్టులో మైఖేల్ కిండో, 1980 మాస్కో స్వర్ణ జట్టులో సిల్వానస్ డుంగ్‌డుంగ్, ఈ కాలంలో నిక్కీ ప్రధాన్, సలీమా టేటే, అందరూ ఈ గడ్డ మీద వాళ్ళే. సిమ్‌డేగా వైపు ఊళ్ళలో ఇప్పటికీ హాకీ పోటీ పెడితే గెలిచిన జట్టుకు మేకపోతు బహుమతి. కప్పు అలమరాలో పెట్టుకుంటారు, మేకను మాత్రం ఊరంతా కలిసి తింటారు! మన తెలుగు వాళ్ళం కూడా వెనకబడి లేము. హైదరాబాద్ ముకేష్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్ మూడింట్లో ఆడారు. చిత్తూరు జిల్లా అమ్మాయి రజని భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడింది.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను రిటైరై వచ్చాక నలుగురు మాజీ సైనికులం, ఇద్దరు పీటీ మాస్టర్లు కలిసి పదహారేళ్ళ లోపు పిల్లలకు ఒక చిన్న లీగు మొదలుపెట్టాం. ఆరు జట్లు. నాలుగు టౌనువి, రెండు పోట్కా వైపు పల్లెలవి. ప్రతి జట్టూ మిగతా అయిదింటితో ఒక్కోసారి ఆడాలి. మొత్తం పదిహేను మ్యాచ్‌లు. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి, ఓడితే సున్నా. పైన నిలిచిన నాలుగు జట్లు సెమీఫైనల్‌కు. కార్యదర్శిని నేనే. రూల్స్ అన్నీ ఒక పేజీలో రాశాను. చివరి వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది: "పాయింట్లు సమానమైతే కమిటీ నిర్ణయమే అంతిమం." ఆ వాక్యం రాసినప్పుడు చాలా గట్టి రూలు రాశానని అనుకున్నాను.

లీగు ఆఖరి రోజుకు మూడు జట్లు ఖాయమయ్యాయి. నాలుగో స్థానానికి రెండు జట్లు మిగిలాయి. ఒకటి పల్లె నుంచి వచ్చిన జట్టు, రెండోది టౌను జట్టు. ఆ టౌను జట్టులో సగం మంది మన తెలుగు పిల్లలు. పల్లె జట్టు పొద్దున ఆడి గెలిచి ఏడు పాయింట్లకు చేరింది. మన పిల్లలకు మధ్యాహ్నం మ్యాచ్. ఒక్క డ్రా చేస్తే వాళ్ళకూ ఏడు పాయింట్లు. ఎదుటి జట్టు అప్పటికే సెమీస్ చేరిపోయింది. స్కోరు 1-1 అయ్యాక చివరి క్వార్టర్ అంతా ఇరుపక్షాలూ బంతిని తమలో తాము అటూ ఇటూ పంపుకుంటూ గడిపేశాయి. పల్లె పిల్లలు గ్రౌండు పక్కన కూర్చుని అదంతా చూశారు.

రెండు జట్లకూ రెండేసి గెలుపులు, ఒక్కో డ్రా, రెండేసి ఓటములు. గోల్స్ లెక్క చూస్తే మన పిల్లలకు ప్లస్ 4. అందులో బలహీనమైన ఒక జట్టును 9-0తో కొట్టిన మ్యాచ్ ఉంది. పల్లె జట్టుకు ప్లస్ 1 మాత్రమే. కానీ ముఖాముఖి మ్యాచ్‌లో మాత్రం పల్లె జట్టే మన వాళ్ళను 2-1తో ఓడించింది. గోల్ తేడా చూడాలా, ముఖాముఖి చూడాలా? నా కాగితంలో ఆ సంగతి లేదు. కమిటీ నా మొహం చూసింది. నేను "అంతర్జాతీయ పోటీల్లో గోల్ తేడాయే ముందు చూస్తారు" అన్నాను. ఆ మాట అబద్ధం కాదు. అక్కడ పాయింట్ల తరువాత గెలిచిన మ్యాచ్‌ల సంఖ్య, ఆ తరువాత గోల్ తేడా, ఆ తరువాత కొట్టిన గోల్స్, ఆ తరువాతే ముఖాముఖి ఫలితం. అలా మన పిల్లలు సెమీస్‌కు వెళ్ళారు.

ఫలితం చెప్పడానికి బయటకు వచ్చాను. పల్లె జట్టు కెప్టెన్ పదిహేనేళ్ళ కుర్రాడు. కాళ్ళకు బూట్లు కూడా ఎవరో ఇచ్చినవి. నేను చెప్పింది అంతా విన్నాడు. అరవలేదు, ఏడవలేదు. "సార్, యే నియమ్ కల్ థా క్యా?" అన్నాడు. ఈ రూలు నిన్న ఉందా, అని.

మిత్రులారా, ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఎంతోమంది అఫ్సర్ల ముందు సావధాన్‌లో నిలబడి జవాబులు చెప్పాను. ఆ కుర్రాడి ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆ రూలు నిన్న లేదు. రెండు జట్ల పేర్లూ, లెక్కలూ ఎదురుగా పెట్టుకుని ఆ పూట తయారు చేసిన రూలు అది. మన పిల్లల మీద మమకారంతో చేశానా అని నన్ను నేను చాలాసార్లు అడుగుకున్నాను. చేయలేదనే అనిపిస్తుంది. కానీ ఆ జట్టులో ఒక పిల్లవాడి ఇంట్లో ముందు ఆదివారమే నేను భోజనం చేసి వచ్చాను. అలాంటప్పుడు నేను చేయలేదని అంటే ఆ కుర్రాడు ఎందుకు నమ్మాలి?

మన పల్టన్లో పద్ధతి మీకు తెలుసు. ఆర్డర్ రాస్తారు, రోల్ కాల్‌లో చదివి వినిపిస్తారు, నోటీసు బోర్డు మీద పెడతారు. ఆ తరువాతే ఎవరినైనా తప్పు పట్టేది. జవానుకు ఉన్న ఆ హక్కు నేను పిల్లలకు ఇవ్వలేదు. ఆ తరువాత కూర్చుని రూల్స్ అన్నీ మళ్ళీ రాశాం. మన వాళ్ళు ఎక్కడెక్కడో కంటోన్మెంట్లలో, కాలనీల్లో పిల్లలకు పోటీలు పెడుతుంటారు కాబట్టి ముఖ్యమైనవి చెబుతాను.

మొదటిది, టై పడితే ఏం చేయాలన్నది వరస క్రమంలో రాయాలి. మేము పిల్లల లీగుకు ముఖాముఖి ఫలితాన్ని ముందు పెట్టాం. కారణం ఉంది. గోల్ తేడా ముందు పెడితే బలమైన జట్టు బలహీనమైన జట్టును చితక్కొట్టడానికి చూస్తుంది. 9-0తో ఓడిన పిల్లలు మళ్ళీ స్టిక్కు పట్టుకోవడానికి జంకుతారు. అందుకే ముఖాముఖి తరువాత గోల్ తేడా చూసినా, ఒక మ్యాచ్‌లో అయిదు గోల్స్ తేడా వరకే లెక్కలోకి తీసుకుంటాం. మూడు జట్లు సమానమైతే ఆ మూడింటి మధ్య జరిగిన మ్యాచ్‌లతోనే చిన్న పట్టిక వేస్తాం. అప్పటికీ తేలకపోతే షూటౌట్. బొమ్మా బొరుసా వేయం. మీ లీగులో వరస వేరుగా పెట్టుకోండి, తప్పు లేదు. మొదటి మ్యాచ్‌కు ముందే పెట్టుకోండి. అంతే.

రెండవది, లీగు ఆఖరి మ్యాచ్‌లు ఒకే సమయానికి మొదలుపెట్టాలి. ఇది ప్రపంచమంతా దెబ్బ తిని నేర్చుకున్న పాఠం. 1982 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా మ్యాచ్ 1-0 అయ్యాక ఇద్దరూ ఆట ఆపేసినట్టు ఆడారు. ఆ స్కోరుతో ఇద్దరూ ముందుకు పోయారు, ముందు రోజే తన మ్యాచ్ ఆడేసిన అల్జీరియా ఇంటికి పోయింది. 1986 నుంచి గ్రూపు ఆఖరి మ్యాచ్‌లు ఒకే సమయంలో పెడుతున్నారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్ అమ్మాయిలు తరువాతి రౌండులో తేలికైన జోడీ కోసం కావాలని ఓడబోయి, నాలుగు జోడీలు డిస్‌క్వాలిఫై అయ్యాయి. మాకు రెండో గ్రౌండు లేదు, రెండో అంపైర్ల జత లేదు అంటారా? ఒక్క రోజుకు అడిగి తెచ్చుకోవాలి. మేము ఒక స్కూలు గ్రౌండు అడిగి తెచ్చుకున్నాం.

మూడవది, వయసు. ఇది అన్నిటికన్నా గొడవ పెట్టే విషయం. పల్లె పిల్లల్లో చాలామందికి ఆధార్ కార్డులో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటుంది. నవ్వకండి, ఈ హాల్లోనే ఎంతమందికి రికార్డులో ఉన్న పుట్టినరోజు ఒకటి, అమ్మ చెప్పే పుట్టినరోజు ఒకటీ లేవు? ఆధార్ కార్డు వయసుకు రుజువు కాదని సుప్రీంకోర్టు కూడా 2024లో చెప్పింది. మేము జనన ధ్రువపత్రం గానీ, స్కూలు రిజిస్టరు నకలు గానీ అడుగుతాం. లీగు మొదలయ్యే వారం ముందే అన్ని జట్ల జాబితాలు బోర్డు మీద పెడతాం. అభ్యంతరం ఉంటే ఆ వారంలోనే చెప్పాలి. సెమీఫైనల్లో ఓడిపోయాక "వాడికి పద్దెనిమిదేళ్ళు" అంటే వినం. అలాగే ప్లేఆఫ్‌లో ఆడే పిల్లవాడు లీగులో కనీసం రెండు మ్యాచ్‌లు ఆడి ఉండాలి. లేకపోతే సెమీస్ రోజున ఎక్కడి నుంచో కొత్త ముఖాలు దిగుతాయి. మొత్తం లీగు ఆడిన పిల్లవాడు బెంచీ మీద కూర్చుంటాడు.

నాలుగవది, ప్లేఆఫ్ జతలు. ఒకటో స్థానం నాలుగుతో, రెండు మూడుతో. ఐపీఎల్లో 2011 నుంచి మొదటి రెండు జట్లకు రెండో అవకాశం ఇస్తున్నారు. అది మంచి పద్ధతే, అయితే ఒక మ్యాచ్ పెరుగుతుంది. పల్లె నుంచి వచ్చే పిల్లలకు ఆ రోజు బండి ఖర్చు, భోజనం ఎవరు పెడతారో ముందు లెక్క చూసుకోవాలి. ఏది పెట్టినా ఒకే రోజు ఒక జట్టు చేత రెండు నాకౌట్ మ్యాచ్‌లు ఆడించకూడదు. సెమీస్‌కూ ఫైనల్‌కూ మధ్య ఒక రాత్రి నిద్ర ఉండాలి. పెద్దవాళ్ళ ఆట పదిహేను నిమిషాల క్వార్టర్లు నాలుగు. మేము పిల్లలకు పన్నెండు నిమిషాలవి పెట్టాం.

అయిదవది, డ్రా అయితే ఏమిటి? పూర్వం పెనాల్టీ స్ట్రోకులు ఉండేవి. 1973 ప్రపంచ కప్ ఫైనల్లో నెదర్లాండ్స్‌తో 2-2 అయ్యాక మన జట్టు ఓడింది ఆ స్ట్రోకుల్లోనే. ఇప్పుడు షూటౌట్. ఆటగాడు 23 మీటర్ల గీత దగ్గర నుంచి బంతితో బయలుదేరి ఎనిమిది సెకన్లలో గోల్ చేయాలి. జట్టుకు అయిదుగురు. ఆస్ట్రోటర్ఫ్ మీద అది చూడముచ్చటగా ఉంటుంది. మొరం గ్రౌండు మీద మాత్రం బంతి గులకరాయికి తగిలి ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలియదు. అందుకని మేము గ్రౌండును బట్టి రాసుకున్నాం: టర్ఫ్ అయితే షూటౌట్, మట్టి అయితే 6.40 మీటర్ల చుక్క నుంచి స్ట్రోకులు. గోల్‌కీపర్‌కు హెల్మెట్, ప్యాడ్లు, గ్లవ్స్, గార్డు లేకుండా మ్యాచ్ మొదలుకాదు. అన్నీ కొనుక్కోలేని జట్టుకు లీగు సెట్టు ఇస్తుంది. ఇందులో జాలి, మొహమాటం పనికిరావు. పన్ను పోతే మళ్ళీ రాదు.

ఆరవది, కార్డులు. గ్రీన్ కార్డుకు రెండు నిమిషాలు, ఎల్లో కార్డుకు కనీసం అయిదు నిమిషాలు, రెడ్ కార్డుకు ఆ మ్యాచ్ అయిపోయే వరకూ బయట. ఆ తరువాతి మ్యాచ్ సంగతి ఏమిటో కూడా ముందే రాసి ఉండాలి. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు వచ్చింది మీకందరికీ గుర్తుండే ఉంటుంది. పదిమందితోనే మన వాళ్ళు బ్రిటన్‌ను షూటౌట్‌లో కొట్టారు. కానీ సెమీస్‌కు అతను లేడు. మన అప్పీలు నిలవలేదు, జర్మనీ చేతిలో 2-3తో ఓడిపోయాం. బాధ పడ్డాం, కోపం వచ్చింది. అయినా నిషేధం ఉంటుందనీ, అప్పీలు చేసుకునే దారి ఉందనీ ముందే తెలుసు. పిల్లలకు కూడా ఆ పాటి తెలిసి ఉండాలి.

ఏడవది, ఫిర్యాదు. మ్యాచ్ అయిన అరగంటలో కెప్టెన్ గానీ కోచ్ గానీ కాగితం మీద రాసి ఇవ్వాలి. ఫౌల్ అయిందా లేదా, గోల్ అవునా కాదా అన్న అంపైరు నిర్ణయం మీద ఫిర్యాదు చెల్లదు. రూలు తప్పుగా అమలైతేనే చెల్లుతుంది. విచారించే ముగ్గురిలో ఎవరికీ ఆ రెండు జట్లలో పిల్లలు, బంధువులు, ఊరివాళ్ళు, భోజనం పెట్టినవాళ్ళు ఉండకూడదు. ఆ చివరి మాట నేనే పట్టుబట్టి రాయించాను.

ఎనిమిదవది, మూడో స్థానం మ్యాచ్. చాలా చోట్ల దీన్ని తీసేస్తారు, లేకపోతే పది నిమిషాల్లో ముగించేస్తారు. 2024 జనవరిలో మన రాంచీలోనే మహిళల ఒలింపిక్ క్వాలిఫయింగ్ పోటీలు జరిగాయి. సెమీస్‌లో జర్మనీతో 2-2 అయి షూటౌట్‌లో 3-4తో మన అమ్మాయిలు ఓడారు. మర్నాడే జపాన్‌తో మూడో స్థానం మ్యాచ్. గెలిస్తే పారిస్ టికెట్టు. 0-1తో ఓడారు, పారిస్ పోయింది. స్టేడియం నిండా ఉన్న జనం మౌనంగా ఇళ్ళకు వెళ్ళారు. ఓడిన మర్నాడు లేచి మళ్ళీ ఆడటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. పిల్లలు అది చిన్నప్పుడే నేర్చుకోవాలి. కాబట్టి ఆ మ్యాచ్‌ను పూర్తి సమయం, పూర్తి అంపైర్లతో ఆడించండి.

ఈ ఎనిమిదీ రాసి హిందీలో రెండు పేజీలు చేశాం. లీగు మొదటి రోజు పొద్దున ఆరు జట్లనూ ఫాలిన్ చేయించి, ఒక్కో రూలు ఒక్కో జట్టు కెప్టెన్ చేత గట్టిగా చదివిస్తాం. చదవడం రాని పిల్లవాడికి పక్కవాడు అందిస్తాడు. ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలు దండగ అని మొదట్లో కొందరు తల్లిదండ్రులు విసుక్కున్నారు. ఒక ఏడాది అచ్చం అలాంటి టైయే మళ్ళీ పడింది. ఈసారి నష్టపోయింది మన పిల్లలున్న జట్టే. కమిటీ కూర్చోనే లేదు. వాళ్ళ కెప్టెనే వచ్చి "అంకుల్, ఒకటో రూలు ప్రకారం మేము అవుట్ కదా" అని, ఎదుటి జట్టు వాళ్ళకు చెయ్యి కలిపి వెళ్ళాడు. ఒకరిద్దరు పెద్దలకు మాత్రం నా మీద కోపం వచ్చింది. సంఘంలో ఉండి మన వాళ్ళకు ఆ మాత్రం సాయం చేయలేవా అన్నారు. వాళ్ళు ఈ సభలోనూ ఉన్నారు. వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ఈ ఊరు మన తాతలకు పని ఇచ్చింది, ఇల్లు ఇచ్చింది. ఇక్కడి పిల్లవాడికి దక్కాల్సింది మన పిల్లవాడికి ఇప్పించడం సాయం కాదు. రూలు ప్రకారం ఓడి తలెత్తుకుని ఇంటికి వచ్చిన కొడుకును చూసి మీరు గర్వపడాలి.

ఆ పల్లె జట్టు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. మరుసటి ఏడాది వాళ్ళు రాలేదు. కొత్త రూల్స్ కాగితం పట్టుకుని నేనే వాళ్ళ ఊరు వెళ్ళాను. పెద్దవాళ్ళు మంచం వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చారు. కాగితం అంతా చదివించుకుని విన్నారు. ఆ తరువాతి ఏడాది జట్టును పంపారు. కానీ ఆ కెప్టెన్ కుర్రాడికి అప్పటికి పదహారు దాటిపోయాయి. మేము దిద్దుకున్న రూలు అతనికి పనికి రాలేదు. పెద్దవాళ్ళం మనకు వచ్చే ఏడాది ఉంటుంది. పదిహేనేళ్ళ పిల్లవాడికి ఆ వయసు ఒక్కసారే వస్తుంది.

మీలో విజిల్ వేయగలిగినవాళ్ళు, స్టాప్‌వాచ్ పట్టుకోగలిగినవాళ్ళు, కనీసం స్కోరు షీటు శుభ్రంగా రాయగలిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ శీతాకాలం లీగుకు వారానికి ఒక్క ఆదివారం పొద్దుటి పూట ఇవ్వండి. మీ పిల్లలు ఆడే మ్యాచ్‌కు మాత్రం డ్యూటీ వేయను. అది కూడా రాసి ఉంది.